మంగళవారం దీవి యాత్ర

సెలవు కాగితం మీద చీఫ్ విశ్వంభరం సంతకం పెట్టాడు. పెట్టి, దాన్ని మడిచి తన కాఫీ కప్పు కింద పెట్టుకున్నాడు.

“నీ సెలవు క్యాన్సిల్, ఉమాపతీ.”

సెక్షన్ నైన్‌లో అందరికంటే చురుకైన సీక్రెట్ ఏజెంట్ అని పేరు మోసిన ఉమాపతి ఆ కప్పు వంకే చూస్తూ నిలబడ్డాడు. శత్రువు కణతకి పిస్తోలు ఆనించినప్పుడు కూడా అతని గొంతు వణకలేదు. ఇప్పుడు వణికింది.

“సార్, అండమాన్‌కి ఓడ టికెట్లు కొన్నాను. పగడాల దిబ్బల దగ్గర స్నార్కెలింగ్, అడవిలో ట్రెక్కింగ్, అద్దం అడుగు ఉన్న పడవలో షికారు, అన్నీ ప్లాన్ చేశాను. బాలామణి పెట్టె కట్టేసింది. పెళ్ళయ్యాక మేము చేస్తున్న మొదటి ప్రయాణం సార్ ఇది.”

“తెలుసు. అందుకే నిన్ను పంపిస్తున్నాను. ఆ దీవి గురించి నీకు తెలిసినంత మన డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ తెలీదు.”

ఉమాపతి ముఖం వెలిగింది. “అండమాన్‌కే పంపిస్తున్నారా సార్?”

“రాయగడకి.”

“రాయగడలో సముద్రం లేదు సార్.”

“లేదు. హాలిడే క్లబ్బు ఉంది. కూర్చో.”

గదిలో లైటు ఆరింది. ప్రొజెక్టర్ క్లిక్‌మంది. గోడమీద అరచేతి పొడవున్న ఒక లోహపు రేకు కనిపించింది. వంపు తిరిగి, సన్నగా, మెరుస్తూ ఉంది.

“టర్బైన్ బ్లేడ్,” అన్నాడు చీఫ్. “ఒరిస్సాలో కకిరిగుమ్మ పైన కొండమీద దుమాగుడ ఇంజిన్ వర్క్స్ ఉంది. మన కొత్త జెట్ ఇంజిన్ అక్కడే తయారవుతోంది. ఈ బ్లేడు లోహం ఫార్ములా కోసం ఒక విదేశీ ముఠా ఎంతకైనా తెగిస్తుంది. కిందటి వారం ఒక బ్లేడు మాయమైంది. వెంటనే గేట్లు బిగించేశాం. ప్రతి మనిషినీ, ప్రతి పెట్టెనీ వెతికి పంపిస్తున్నాం. కాబట్టి అది ఇంకా టౌన్‌షిప్‌లోనే ఉంది.”

క్లిక్. బట్టతల, పెద్ద కళ్ళజోడు, భయంభయంగా నవ్వుతున్న మనిషి.

“రమణమూర్తి. బ్లేడ్ ఇన్స్పెక్టర్. సొంతూరు బొబ్బిలి దగ్గర. బ్లేడు పోయింది ఇతని టేబుల్ మీంచే. దొంగ ఇతనేనని మినిస్ట్రీ నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు. కానీ బ్లేడు దొరక్కపోతే ఇతన్ని జైలుకి పంపడం తప్ప నాకు దారి లేదు. దేశద్రోహం కేసు. మళ్ళీ బయటికి రాడు.”

క్లిక్. నల్లకళ్ళద్దాలు, బెల్‌బాటమ్, పెదవి చివర చిన్న నవ్వు. ప్రొజెక్టర్ వేడెక్కిందో, ఉమాపతి వేడెక్కాడో చెప్పడం కష్టం.

“మిస్ కుంతి. రాయగడలో బ్లూ ల్యాగూన్ హాలిడే క్లబ్బు మేనేజరు. దుమాగుడ ఉద్యోగుల్ని కుటుంబాలతో సహా ఎల్.టి.సి. మీద అండమాన్ తీసుకెళ్తోంది. క్లబ్బు ముఠాదే. దీవి చేరాక స్నార్కెలింగ్ పేరుతో బ్లేడుని విదేశీ పడవకి అందించాలని వాళ్ళ ప్లాన్. ఈ సంగతి మనకి చెప్పింది కుంతే. ఆమె మన మనిషి, ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తోంది.”

“నా పని?”

“క్లబ్బులో అడ్వెంచర్ ఆఫీసర్. దీవిలో ఏ రోజు ఏం చేయాలో ప్లాన్ చేస్తావ్. బ్లేడు ఎవరి పెట్టెలో ఉందో కనిపెడతావ్.”

అంటే తన సెలవుని తానే ప్లాన్ చేసి, దానిమీద వేరేవాళ్ళని పంపించాలన్నమాట. ఇంతకంటే పాకిస్తాన్ సరిహద్దులో మందుపాతర మీద కూర్చోబెట్టినా బాగుండేదని ఉమాపతికి అనిపించింది. ఈ వార్త బాలామణి వింది. కట్టిన పెట్టె విప్పలేదు. దాన్ని తెచ్చి మంచం మీద అతను పడుకునే వైపు పెట్టింది.

*

రాయగడ స్టేషన్ ఎదురుగా మేడమీద బ్లూ ల్యాగూన్ ఆఫీసు. గోడనిండా సముద్రాలు, కొబ్బరిచెట్లు. ఉమాపతి పెట్టుడు గడ్డం సవరించుకుని, కుంతి ముందు కూర్చుని కోడ్ వాక్యం పలికాడు.

“దీవిలో మంచినీళ్ళు దొరుకుతాయా?”

“అలవాటైతే ఉప్పునీళ్ళు కూడా తియ్యగానే ఉంటాయి,” అంది కుంతి. కోడ్ సరిపోయింది.

సరిపోయిందని ఉమాపతి ఊపిరి పీల్చుకునేలోపల తలుపు దగ్గర ఎవరో ముసలాయన తొంగిచూశాడు. “అమ్మీ, ఆ దీవిలో మంచినీళ్ళు దొరుకుతాయేటి?”

“అలవాటైతే ఉప్పునీళ్ళు కూడా తియ్యగానే ఉంటాయి తాతా,” అంది కుంతి అదే నవ్వుతో.

“ఇదేమిటి?” అన్నాడు ఉమాపతి పళ్ళ బిగువున.

“ఈ కోడ్ పెట్టింది ఎవరో కానీ, యాత్రకి వచ్చే ప్రతి మనిషీ మొదట అడిగేది ఇదే. పొద్దున్నుంచీ అందరికీ ఇదే జవాబు చెప్తున్నాను. మీరు మా ఏజెంట్ అని నాకు మీ గడ్డం చూస్తే తెలిసింది. ఎడమవైపు ఊడుతోంది.”

ఆమె పుట్టి పెరిగింది జయపురంలో, తెలుగు కోమట్ల దుకాణాల వీధిలో. ఒడియా ఎంత తీపిగా మాట్లాడుతుందో తెలుగూ అంతే. పక్కగదిలోంచి ముఠా నాయకుడు బయటికొచ్చాడు. కెప్టెన్ హ్యూగో. ఆరడుగుల మనిషి, ఎర్రటి మెడ, మెడలో ఈల. పైకి డైవింగ్ ఇన్‌స్ట్రక్టరు.

“అడ్వెంచర్ ఆఫీసర్!” అని ఉమాపతి చెయ్యి నలిగేలా ఊపాడు. “ప్లాన్ మేక్ కరో. గుడ్ ప్లాన్.”

ముగ్గురూ జీపులో దుమాగుడ బయల్దేరారు. కొత్త రైలు లైను కోసం కొండల్ని పేలుస్తున్నారు, దారిలో రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది. ఒళ్ళంతా ఎర్రమట్టి. ఉమాపతి మెడలో స్నార్కెల్ గొట్టం, ఒళ్ళో ట్రాన్సిస్టర్ రేడియో ఉన్నాయి, రెండూ సెక్షన్ నైన్ ల్యాబొరేటరీ ఇచ్చినవే. పైకి రేడియో, లోపల డిటెక్టర్. ఆ బ్లేడు లోహం దగ్గరకొస్తే ఈల వేస్తుందని సైంటిస్టు ఒట్టు పెట్టి చెప్పాడు. అది జీపు గేర్ రాడ్డు చూసి ఈల వేసింది. దారిలో టీ కొట్టు కెటిల్ చూసి ఈల వేసింది. హ్యూగో మెడలో ఈల చూసి కూడా వేసింది. ఉమాపతి బొత్తాం నొక్కి దాని నోరు మూయించాడు.

*

దుమాగుడ కమ్యూనిటీ హాల్లో యాత్రికుల సమావేశం. ఉద్యోగులూ, భార్యలూ, తల్లులూ, చాపలు పరుచుకుని కూర్చున్నారు. ముందు వరసలో రమణమూర్తి, అతని భార్య వరహాలమ్మ, తల్లి బంగారమ్మ. రమణమూర్తి ఎవరివైపూ చూడటం లేదు. అతనితో ఎవరూ మాట్లాడటం లేదు. బ్లేడు పోయినప్పటినుంచీ క్యాంటీన్‌లో అతని బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదట. యాత్రకి వెళ్ళమని పై ఆఫీసర్లే అతన్ని తొందరపెట్టారు. దొంగైతే బ్లేడు వెంట తెస్తాడని వాళ్ళ లెక్క. పాపం, అదేదో తనమీద దయ అనుకుంటున్నాడు.

ఉమాపతి నల్లబోర్డు మీద దీవి బొమ్మ గీశాడు. ఇక్కడే కదా తనూ బాలామణీ గుడారం వేసుకోవాలనుకున్నది.

“మొదటి రోజు స్నార్కెలింగ్. అంటే ఈ అద్దం ముఖానికి పెట్టుకుని, ఈ గొట్టంతో గాలి పీలుస్తూ, నీళ్ళలో తేలి చేపల్ని చూడటం.”

కెప్టెన్ హ్యూగో వేదిక మీద బక్కెట్టు నీళ్ళలో తల ముంచి చూపించాడు.

“ఆ సేపలు తింటారా బావూ?” అంది బంగారమ్మ.

“తినరమ్మా. చూస్తారు.”

“ఒట్టిగా సూడ్డానికి ఇంత దూరం ఎల్లాలేటి? కకిరిగుమ్మ సంతకెల్తే బుట్టల్లో సూడొచ్చు గదా.”

“అవి చచ్చిన చేపలు. ఇవి బతికున్నవి.”

“బతికున్నాటిని సూసి వదిలేసి వచ్చేత్తారు?” అంది వరహాలమ్మ. ఆవిడ గొంతులో నిజమైన బాధ ఉంది.

“రెండో రోజు,” అన్నాడు ఉమాపతి గొంతు పెంచి, “అడవిలో ట్రెక్కింగ్. కొండ ఎక్కి దిగడం.”

హాలు హాలంతా ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. కిటికీలోంచి ఎటు చూసినా కొండే, ఎటు చూసినా అడవే. వెనకనుంచి ఎవరో అన్నారు. “రోజూ డూటీకి సేస్తన్నదదే గదా సార్.”

పడవ షికారు గురించి చెప్తే స్టవ్వు పడవలోకి ఎక్కించనిస్తారా అని అడిగారు. గుడారం అంటే తలుపుకి గడియ ఉంటుందా అని అడిగారు. ఎన్నేళ్ళుగానో రాత్రిళ్ళు మేలుకుని మ్యాపులు ముందేసుకుని ఉమాపతి కట్టుకున్న దీవి, ఆ హాల్లో ఇసుకగూడులా పొడిపొడిగా రాలిపోయింది. ఆ చిరాకులో అతని గడ్డం ఎడమవైపు మళ్ళీ ఊడింది.

చివర్లో కుంతి లేచింది. మెత్తగా నవ్వింది.

“బస్సు మంగళవారం పొద్దున్న బయల్దేరుతుంది. ఓడ టైముకి ఇదొక్కటే కుదిరింది.”

హాలు గుప్పున మండింది.

“మంగలారమా? మంగలారం ఎవులైనా గడప దాటతారా అమ్మీ?” బంగారమ్మ లేచి నిలబడింది.

“ఏం చెయ్యమంటారమ్మా. మీకు తెలియని మార్గం ఉందా, మీరే చూసుకోండి,” అంది కుంతి చేతులు జోడించి.

బంగారమ్మ కాసేపు ఆలోచించి, సరేలే అన్నట్టు తలాడించి కూర్చుంది. మిగతా ఆడవాళ్ళూ తలలాడించారు. గొడవ అంత సులువుగా ఎలా సద్దుమణిగిందో ఢిల్లీ కంటోన్మెంట్లలో పెరిగిన ఉమాపతికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు.

ఆ తర్వాత రెండురోజులూ కుంతి ఇంటింటికీ తిరిగి సామాన్లు ఎలా సర్దుకోవాలో నేర్పింది. ఉమాపతి వెనకాలే తన దిక్కుమాలిన రేడియో పట్టుకుని తిరిగాడు. ఇడ్లీపాత్రలు, కుక్కర్లు, దీపపు కుందులు, అన్నిటికీ అది ఈల వేసింది. సోమవారం సాయంత్రానికి బ్యాటరీ చచ్చింది. అతను గెస్ట్‌హౌస్ చేరేసరికి రమణమూర్తి మెట్లమీద కూర్చుని ఉన్నాడు.

“సార్, మీరు బయటూరి మనిషి. ఒకటి అడగొచ్చా?” అన్నాడు. “ఈ యాత్రయ్యి తిరిగొచ్చేక నన్ను డూటీలోకి రానిస్తారంటారా? ఇన్నేళ్ళలో నా సేతిమీద ఒక్క బ్లేడు వంకరగా ఎల్లలేదు. బ్లేడు పోయిందన్న బాధ ఒకటి. నానే తీసేనని మా అమ్మకి ఎవరైనా సెప్తే ఆవిడ బతకదు. ఆ భయం ఇంకోటి.”

ఉమాపతి చాలామంది అబద్ధాలకోర్లని చూశాడు. ఈయన వాళ్ళలో ఒకడు కాడు. కానీ ఆ మాట మినిస్ట్రీకి చెప్తే నవ్వుతారు. బ్లేడు చూపించాలి. అది ఎక్కడుందో తెలియక అతని తల పగిలిపోతోంది.

*

మంగళవారం పొద్దున్న గేటు దగ్గర సోదా మొదలైంది. ఆఖరి అవకాశం ఇదే. బస్సు గేటు దాటి కొండ దిగితే ఇక వెతకడం అయ్యేపని కాదు. బ్లేడు ఓడెక్కుతుంది, రమణమూర్తి జైలుకెళ్తాడు.

ఉమాపతి గడ్డం పీకి జేబులో పెట్టుకుని, ఐడెంటిటీ కార్డు చూపించి, సోదా తనే జరిపించాడు. ప్రతి ట్రంకు పెట్టె, ప్రతి హోల్డాల్, ప్రతి బుట్ట విప్పించాడు. బియ్యం సంచుల్లో మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. ఆవకాయ జాడీలో గరిటె పెట్టి కలియబెట్టాడు. ఆ జాడీ తాలూకు ఆవిడ అతన్ని చూసిన చూపు తర్వాత చాలాకాలం అతనికి గుర్తుంది. బ్లేడు లేదు. మళ్ళీ వెతికించాడు. లేదు.

“పోలీసోడివా నువ్వు? గడ్డం పెట్టుకుని మా వంటింట్లోకొచ్చి మజ్జిగ తాగేవు గదా,” అంది వరహాలమ్మ.

కుంతి అతని పక్కకొచ్చి గొంతు తగ్గించింది. “బ్లేడు రమణమూర్తే ఎక్కడో పాతిపెట్టి ఉంటాడు. ఇక్కడే అరెస్టు చేసేయండి. బస్సు వెళ్ళనివ్వండి, ఓడ అందుకోవాలి.”

గేటు పైకి లేచింది. బస్సు బయటికి కదిలింది. ఓటమి నోట్లో చేదుగా తగులుతుంటే ఉమాపతి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. వెనక హ్యూగో జీపు.

గేటు దాటి నిండా వంద గజాలు పోకుండానే బస్సు ఆగింది. డ్రైవరు దాన్ని రోడ్డుకడ్డంగా వొదిలేసి బీడీ ముట్టించాడు. ఆడవాళ్ళంతా బిలబిలా దిగుతున్నారు. ఉమాపతి ఓపిక అక్కడ తెగింది.

“ఏయ్, అందరూ ఎక్కడికి?” అని అరిచాడు.

దిగుతున్న అడుగులు దిగుతున్నట్టే ఆగిపోయాయి. బంగారమ్మ ఒక కాలు మెట్టుమీద, ఒక కాలు నేలమీద ఉంచి అతనికేసి తిరిగింది.

“ఎక్కడికని అడిగేవా? పయనమై ఎల్తన్న మనుసుల్ని?”

“అడిగాను. అయితే?”

“అయిపోయింది. ఇంక నాను రాను.” ఆవిడ వెళ్ళి రోడ్డుపక్క రాయిమీద కూర్చుంది. “మంగలారానికి ఇరుగుడు సేసుకున్నాం. దీనికేటి ఇరుగుడు? సముద్రంమీద ఎల్లాల్సినోలం.”

రమణమూర్తి తల్లిని బతిమాలాడు. ఆవిడ కదల్లేదు. మంగళవారానికి విరుగుడు ఏమిటని ఉమాపతి అప్పుడు అడిగాడు. ఆడవాళ్ళు ఆగింది ఒక పెంకుటింటి ముందు. గేటు కాపలా ఎర్రయ్య ఇల్లు అది. అరుగుమీద వరసగా సంచులు, ఒక్కో ఇంటిదీ ఒక్కోటి, మూతికి పసుపు దారం కట్టి ఉన్నాయి.

“పరస్తానం సంచులు బావూ,” అన్నాడు ఎర్రయ్య చేతులు కట్టుకుని. “బయల్దేరిన రోజు మంచిది కాపోతే, అంతకు ముందు మంచి గడియ సూసుకుని ఒక సంచి పొలిమేర దాటించి పెట్టుకుంటారు. ఇంక అప్పుడే బయల్దేరినట్టు లెక్క. నిన్న పొద్దున్న అందరూ తెచ్చి ఇక్కడ పెట్టేరు.”

“గేటు దాటించారా? నువ్వు వెతకలేదా?”

“మనిసి బయటికెల్తే ఎతుకుతాం. ఆల్లు సంచి పెట్టేసి తిరిగొచ్చేసేరు గదా. అయినా పరస్తానం సంచి ఇప్పుతారేటి బావూ. తప్పు.”

ఉమాపతి తల పట్టుకున్నాడు. ప్రభుత్వం మెషీన్‌గన్లు పెట్టి కాస్తున్న గేటులోంచి సోమవారం పొద్దున్న, మంచి గడియలో, ఊరి సంచులన్నీ బయటికి నడిచిపోయాయి. కాపలావాళ్ళు వాటికి దణ్ణం పెట్టి మరీ పంపించారు. అదీ వీళ్ళ సెక్యూరిటీ.

సంచులన్నీ విప్పించాలంటే ఈ ఆడవాళ్ళు తనని ఇక్కడే పాతేస్తారు. విప్పి, బ్లేడు రమణమూర్తి ఇంటి సంచిలో దొరికితే? అతని పని అయిపోయినట్టే.

అప్పుడు కుంతి ముందుకొచ్చింది.

బంగారమ్మ ముందు మోకాళ్ళమీద కూర్చుని గడ్డం పట్టుకుంది. “పిన్నీ, నా మాట విను. దీవి చూసే భాగ్యం మళ్ళీ రాదు.”

“రాను అమ్మీ.”

“రా పిన్నీ.”

“నాను రానన్నాను గదా.”

కుంతి నల్లకళ్ళద్దాలు తీసింది. వాచీ చూసుకుంది. హ్యూగో జీపులోంచి ఈల వేశాడు. ఆమె గొంతులో తీపి ఒక్కసారిగా తగ్గింది. “సరే. నువ్వు రాకపోతే మానె. నీ సంచైనా ఇవ్వు, నేను పట్టుకెళ్తాను.”

బంగారమ్మ నోరు తెరిచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు.

“మనిసి రాకుండా సంచి ఎల్తాదా?” అంది బంగారమ్మ నెమ్మదిగా. “ఏటే అమ్మీ, జయపురంలో పెరిగేనన్నావు. పరస్తానం సంచి పరాయోలు ముట్టుకోరని నీకు తెల్దా?”

ఉమాపతి బుర్రలో ఒక్కొక్కటే కూర్చుంది. మంగళవారం పెట్టింది ఎవరు? కుంతి. ఎందుకు? మంగళవారమైతే ప్రతి ఇంటినుంచీ ఒక సంచి వెతక్కుండా గేటు దాటుతుంది కాబట్టి. దీవికి వెళ్ళని ముసలమ్మ సంచి దీవిలో ఎవరికి కావాలి?

“మిస్ కుంతీ,” అన్నాడు, “ఆ సంచిలో ఏముంది?”

ఆమె చేతిలో బుల్లి పిస్తోలు ప్రత్యక్షమైంది. “తెలివైనవాడివే, కాస్త ఆలస్యంగా. మీ చీఫ్‌కి నేను చెప్పినవన్నీ నిజాలే ఉమాపతీ. నేను మీ మనిషినన్న ఒక్క మాట తప్ప. నిజాలు చెప్పేవాళ్ళని ఎవరూ అనుమానించరు. హ్యూగో, తీసుకో.”

హ్యూగో ఒక్క అంగలో అరుగెక్కి బంగారమ్మ సంచి లాక్కున్నాడు. ఉమాపతి తన మెడలో వేలాడుతున్న స్నార్కెల్ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. సెక్షన్ నైన్ ల్యాబొరేటరీ తయారుచేసిన వాటిలో పనిచేసిన వస్తువు ఇదొక్కటే. గట్టిగా ఊదాడు. గొట్టంలో దాచిన మత్తు సూది కుంతి భుజంలో దిగింది. ఆమె ఆశ్చర్యంగా చూసి, ఎవరిదో పరుపుచుట్ట మీదికి మెత్తగా వాలింది.

హ్యూగో జీపులోకి దూకాడు. ముందు బస్సు అడ్డం. స్టీరింగ్ ఒక్క తిప్పు తిప్పి రోడ్డు అంచునుంచి దూరి పోబోయాడు. పక్కన లోయ. ఉమాపతి పరుగెత్తి జీపు వెనక రేకు పట్టుకున్నాడు, రెండో చేత్తో సంచి పట్టుకున్నాడు. చేతులు తెగిపోతున్నాయి. సంచి చిరిగింది.

చీరలు, జంతికల డబ్బా, చింతపండు ఉండలు రోడ్డుమీద చెల్లాచెదురయ్యాయి. వాటిమధ్యనుంచి ఒక వంపు తిరిగిన లోహపు ముక్క ఎండలో తళుక్కుమని, గులకరాళ్ళ మీద జారుతూ లోయ అంచుకి పోతోంది. జీపునుంచి పడిన ఉమాపతి బోర్లా పడున్నాడు. అందదు.

“అది నా బ్లేడు,” అన్నాడు రమణమూర్తి.

కళ్ళజోడు ఎగిరిపోయేలా అంచుమీదికి దూకి, అరచెయ్యి చాచి ఆపాడు. బ్లేడు అతని చెయ్యి కోసుకుంది. అతను వదల్లేదు. అంచుకి అవతల సగం వేలాడుతూ దాన్ని గుండెకి హత్తుకున్నాడు. ఎర్రయ్యా డ్రైవరూ కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగారు.

గేటు జవాన్లు పరుగెత్తుకొచ్చారు. ఆఫీసరు రమణమూర్తి చేతిలో బ్లేడు చూశాడు, చిరిగిన సంచి చూశాడు, బేడీలు తీశాడు.

“ఆగండి,” అంది బంగారమ్మ. రాయిమీంచి లేచి కొడుక్కీ బేడీలకీ మధ్య నిలబడింది. “ఆ సంచి నాది. నా కొడుకు దాన్ని ముట్టుకోలేదు, మా కోడల్నే ముట్టనియ్యను. ఈ అమ్మి వచ్చి, దీవిలో గాలెక్కువ పిన్నీ, బరువు అడుగున పెట్టాలి, నాను సర్దుతానంది. ముచ్చటగా ఉందని సర్దనిచ్చేను. బుద్ధి తక్కువై.”

పరుపుచుట్ట మీద కుంతి మత్తులోనే నవ్వింది. “టీ టైములో ఆ సెక్షన్‌కి దీవి ఫోటోలు పట్టుకెళ్ళాను. అందరూ ఫోటోలే చూశారు. పాపం రమణమూర్తిగారు అందరికంటే ఎక్కువసేపు చూశారు.”

రమణమూర్తి సిగ్గుతో తలవంచుకున్నాడు. ఆఫీసరు బేడీలు తీసుకెళ్ళి కుంతికి వేశాడు. హ్యూగో కకిరిగుమ్మ దగ్గర దొరికాడని కాసేపట్లో వైర్‌లెస్ వచ్చింది. రైలు లైనువాళ్ళు కొండ పేల్చడానికి రోడ్డు ఆపారట, జీపులో కూర్చుని హారన్ కొడుతున్నాడట. వరహాలమ్మ భర్త చేతికి చీరకొంగు చింపి కట్టు కట్టింది. కడుతూ అతన్ని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూ ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ అతని బల్ల దగ్గర కూర్చోని మనుషులు ఒక్కొక్కళ్ళే వచ్చి, ఆ చెయ్యి ముట్టుకుని వెళ్ళారు.

ఓడ ఎలాగూ వెళ్ళిపోయింది. క్లబ్బు మూతపడింది. యాత్రకి డబ్బు కట్టినవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. అంతా కలిసి ఉమాపతి మీద పడ్డారు. ప్లాను వేసింది నువ్వే కదా, నువ్వే తీసుకెళ్ళు అన్నారు. ముఠా సంగతి పేపర్లకెక్కకూడదంటే యాత్ర జరిగి తీరాల్సిందేనని చీఫ్ ఫోన్‌లో ఆర్డర్ వేశాడు.

“మీ ఆవిడని కూడా తీసుకెళ్ళు. అదే నీ సెలవు,” అన్నాడు ఎంతో ఉదారంగా.

వానలు వెళ్ళాక, బంగారమ్మ పెట్టిన మంచిరోజున, ఊరంతా ఓడెక్కింది. పగడాల దిబ్బల దగ్గర నీళ్ళు పచ్చగా, అడుగు కనపడేలా ఉన్నాయి. చేపల్ని ఒట్టిగా చూడటమేమిటని అడిగిన వరహాలమ్మ అందరికంటే ముందు దిగి, ఎంత పిలిచినా పైకి రాలేదు. రమణమూర్తి ముఖానికి అద్దం బిగించుకుని, కట్టు విప్పిన చేత్తో నీళ్ళు తోసుకుంటూ వెళ్తున్నాడు. గొట్టంలోంచి అతని నవ్వు బుడగలు బుడగలుగా వినిపిస్తోంది. బాలామణి ఎప్పుడో దిగిపోయింది. ఒక్కసారి ఒడ్డువైపు చూసి చెయ్యి కూడా ఊపింది. ఉమాపతి లేచాడు, చొక్కా గుండీలు విప్పుకున్నాడు.

“నువ్వెక్కడికీ దిగకు బావూ,” అంది స్టవ్వు వెలిగిస్తూ బంగారమ్మ. “పోలీసోడివి గదా. ఆ సెప్పులు సూసుకో.”

దేశాన్ని కాపాడిన ఏజెంట్ ఉమాపతి, ఆ మధ్యాహ్నమంతా ఇసుకలో కూర్చుని, దుమాగుడ టౌన్‌షిప్ చెప్పులు కాపలా కాశాడు.